పత్తి మీద ఫ్యాన్ పెట్టి పొలం వెళ్ళొచ్చా?

ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషిని పెళ్ళిళ్ళలో ప్రశాంతంగా అన్నం తిననివ్వరు. విస్తరి ముందు కూర్చున్నానో లేదో పక్కాయన మొదలుపెడతాడు. "మస్తాన్ గారూ, వాషింగ్ మెషీన్ వేసి బజారుకి పోతే ఏమన్నా అయిద్దా?" ఎదురుగా కూర్చున్నావిడ అందుకుంటుంది. "ఫ్రిజ్ ఎటూ ఆపం కదండీ, మరి మిగతావి మాత్రం ఎందుకాపాలి?" సాంబారు వచ్చేలోపు గీజరు, ఇన్వర్టరు, సెల్ చార్జరు, గదిలో చార్జింగ్ పెట్టే బ్యాటరీ స్కూటరు అన్నీ అయిపోతాయి. అందరికీ కావలసింది ఒక్క మాట, పోవచ్చనో పోకూడదనో. పోకూడదంటే, "మేం ఎప్పుడూ వేసే పోతామండీ, ఏం కాలేదు" అంటారు. ఏం కాలేదు కాబట్టే కదా అడగడానికి మిగిలారు అని నోటి దాకా వస్తుంది. పప్పులో నెయ్యి వేయించుకుని ఊరుకుంటాను.

నిజం చెప్పాలంటే విసుగొచ్చేసింది. మంటల మీద కాదు, ఈ ప్రశ్న మీద. ఈ మధ్య డిపార్టుమెంటులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు కొందరు ఇంటికొచ్చి, మీ అనుభవం నాలుగు మాటలు రాసివ్వండి సార్ అన్నారు. నిచ్చెన ఎలా ఎక్కాలో, గొట్టం ఎలా పట్టాలో మీకు ట్రైనింగులో నేర్పుతారు. ప్రమోషన్లు వాటంతటవే వస్తాయి, లేదా రావు. నేను వాటి గురించి రాయను. ముఖ్యంగా కోటేశ్వరమ్మ అనే ఆవిడ గురించి రాస్తాను. తను చేయని తప్పుకి తోడబుట్టినవాడి ఇంట్లో ఆవిడకి నీడ లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

మేం వెళ్ళేసరికి

మన ఉద్యోగంలో సగం ఎదురుచూడటం, మిగతా సగం ఆలస్యంగా చేరుకోవడం. ఎంత వేగంగా వెళ్ళినా మనం వెళ్ళేది అంటుకున్న తర్వాతే. ఈ గుంటూరు, ప్రకాశం మెట్టలో కాలడానికి కొదవ లేదు. ఎండాకాలం మిరప కల్లాలు, వరిగడ్డి వాములు, పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్లు, చలికాలం పత్తి. ఊళ్ళోకి బండి దిగగానే ముందు వినపడేది తిట్లు. "ఇప్పుడా వచ్చేది? అంతా బూడిదయ్యాక ఎందుకొచ్చారు?" కొత్తలో నాకు రోషం వచ్చేది. తర్వాత అర్థమైంది. ఇల్లు కాలినవాడికి ఎవరో ఒకర్ని తిట్టకపోతే ఊపిరాడదు. ఖాకీ బట్టల్లో మనం కనపడతాం కాబట్టి మనల్ని తిడతారు. అది కూడా డ్యూటీలో భాగం అనుకుని పని చూసుకోండి.

మనం గొట్టాలు చుట్టుకుని వచ్చేశాక ఆ తిట్లు ఎవరి మీదకి పోతాయన్నది మాత్రం మనకు కనపడదు. ఇంట్లో ఎవరో ఒకరు వాటి కింద ఉండిపోతారు. చాలాసార్లు అది ఆడమనిషే అయివుంటుంది, ఎందుకంటే ఇల్లు కనిపెట్టుకుని ఉండాల్సింది ఆవిడే అని అందరూ అనుకుంటారు.

కరెంటు పోయింది కదా అని

మన దగ్గర ఒక అలవాటుంది. కరెంటు పోతే ఎవరి చెయ్యీ స్విచ్ మీదకి పోదు. పొలంలో మోటారుకి ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే తిరుగుతుందని ఇంటికొచ్చి పడుకుంటాం. ఆ ధీమానే ఇంట్లోకీ తెచ్చుకున్నాం. "వేసే ఉంచవే, వస్తే అదే తిరిగిద్ది" అనే మాట వినని ఇల్లు లేదు.

వేటపాలెం దగ్గర ఒకాయన పెళ్ళికి వెళ్తూ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మధ్యలో కరెంటు పోయింది. ముహూర్తం దగ్గర పడుతోందని ఆ చొక్కానే తొడుక్కుని, ఇస్త్రీ పెట్టెను దుప్పటి మీద బోర్లా వదిలేసి, తలుపు తాళం వేసి వెళ్ళిపోయాడు. ఆయన అక్షింతలు వేస్తున్న సమయానికి ఇక్కడ కరెంటు వచ్చింది. మేం మంచం, పరుపు, బట్టల బీరువా ఆర్పేసరికి ఆయన పరిగెత్తుకొచ్చి, "షార్ట్ సర్క్యూట్ సార్, మా ఇంట్లో వైరింగ్ పాతది" అని మొత్తుకున్నాడు. చొక్కా కుడి వైపు కత్తిలా ఉంది, ఎడమ వైపు అంతా ముడతలు. మా డ్రైవరు నవ్వాపుకోలేక బండి వెనక్కి పోయాడు. పాపం ఆయనకి నవ్వొచ్చే రోజు కాదది. కానీ ఒక సంగతి అక్కడే నాకు బుర్రకెక్కింది. మనం ఆపకుండా దానంతటదే ఆగిన వస్తువు ఆగినట్టు కాదు.

స్విచ్‌బోర్డు దగ్గర ఆగే ఆఫీసరు

నేను చూసిన ఆఫీసర్లలో ఎక్కువమందికి అన్ని మంటలకీ కారణం షార్ట్ సర్క్యూటే. అలా రాస్తే ఎవరికీ పాపం అంటదు, ఎవరితోనూ పేచీ ఉండదు, బండి వెనక్కి తిప్పుకోవచ్చు. వాళ్ళను నేను మరీ తప్పుపట్టను. రోజూ అదే పొగ మింగేవాడికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒక్క ఆఫీసరు మాత్రం వేరుగా ఉండేవాడు. నోరు మహా చెడ్డది. మమ్మల్ని ఏరా, ఒరేయ్ అని తప్ప పిలిచి ఎరగడు. మంట ఆరాక ఇంటివాళ్ళతో మాట్లాడకుండా నేరుగా స్విచ్‌బోర్డు దగ్గరికి పోయి నిలబడేవాడు. "ఒరేయ్ మస్తాన్, జనాన్ని తర్వాత అడుగుదువు గాని, ముందు ఇది చూడరా" అనేవాడు. ప్లాస్టిక్ కరిగినా స్విచ్ ఏ వైపు ఉండగా కరిగిందో ఆ వైపే బిగుసుకుంటుంది. వస్తువు పైనుంచి కాలిందా, కింద నుంచి కాలిందా అన్నది చూస్తే తెలుస్తుంది. ఇంటివాళ్ళు అబద్ధాలు చెప్తారని కాదు ఆయన ఉద్దేశం. భయపడ్డ మనిషికి తనేం చేసిందీ తనకే గుర్తుండదనేవాడు. ఆయన తిట్లు నాకిప్పుడు గుర్తులేవు గానీ ఆ అలవాటు మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా ముందు బోర్డు వంక చూస్తాను. మా ఆవిడ ఖాసింబీ, "చుట్టపు చూపుకొచ్చారా, తనిఖీకొచ్చారా?" అని దెప్పుతుంది.

తడిసిన పత్తి

అద్దంకి వైపు ఒక ఊరు. పత్తి తీతలు మంచి జోరు మీద ఉండగా ముసురు పట్టింది. తేమ పత్తిని కొనేవాళ్ళు ముట్టుకోరు. అందుకని రైతులు దాన్ని ఇంటికి తెచ్చి ముందుగదిలో పోసి, మంచాలు పంచలో వేసుకుని, పత్తికి మాత్రం ఫ్యాన్లు పెడతారు. పైన సీలింగ్ ఫ్యాన్, కింద పత్తికి ఆనించి టేబుల్ ఫ్యాన్. మనుషులు చలికి ముడుచుకుని బయట పడుకుంటారు, పత్తి లోపల గాలి పోసుకుంటుంది. ఊరంతా చేసే పనే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ టేబుల్ ఫ్యాన్ తన వెనక నుంచి గాలి లాగుతుంది. గాలితో పాటు పత్తి నూగు పోయి మోటారులో కూరుకుంటుంది. కాసేపటికి మోటారు వేడెక్కి, ఆ నూగే అంటుకుని ఒక రవ్వ పత్తిలో రాలుతుంది.

ఆ ఇల్లు సాంబయ్య అనే రైతుది. ఇంట్లో ఆయన, ఆయన భార్య పద్మ, ఆయన అక్క కోటేశ్వరమ్మ. ఆవిడ భర్త చిన్నతనంలోనే పోతే పుట్టింటికి వచ్చేసింది. పాలు పితికేదీ, వండేదీ, పత్తి తీసేదీ ఆవిడే. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం కావస్తోంది. కిటికీలోంచి పొగ దట్టంగా వస్తోంది. పత్తి మంట పైకి ఎగసేది కాసేపే, తర్వాత లోలోపల కాలుతూ కూర్చుంటుంది. గదిలో మనుషులెవరూ లేరని నమ్మకం కుదిరాక నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాం.

మా వెనక అప్పటికే పంచాయితీ నడుస్తోంది.

"ఇంటి దగ్గరుండి చూసుకో వదినా అని చెప్పే పోయాం గదా! ఫ్యాన్ తిరగతా ఉంటే నీ దారిన నువ్వు పోయావే!" అని పద్మ గుండెలు బాదుకుంటోంది. ఏడాది కష్టం ఆ గదిలోనే ఉంది మరి.

కోటేశ్వరమ్మ చేతిలో ఖాళీ క్యారేజీ ఉంది. కూలీలకు అన్నం పెట్టి, పొగ చూసి పొలం నుంచి పరుగున వచ్చిందట. "ఆపే పోయానే పద్మా. కరెంటు పోయింది. వచ్చాక దానంతటది తిరిగిద్దని నేనే స్విచ్‌లు ఆపా. నా చేత్తో ఆపా" అంటోంది.

"ఆపితే ఎట్టా అంటుకుంది? దయ్యం వచ్చి అంటించిందా?"

జనంలోంచి ఒకాయన జాలిగా అన్నాడు. "పెద్దదైపోయింది కదమ్మా, మర్చిపోయుంటది." తిట్టు కన్నా ఆ జాలే ఆవిడకి ఎక్కువ తగిలింది. మొహం అంతా కందిపోయింది. "నాకేం మరుపు లేదు" అని గట్టిగా అరిచింది. అరిచేసరికి ఇంకా మతి చెదిరినట్టు కనపడింది జనానికి.

సాంబయ్య తలగుడ్డ చేత్తో నలుపుతూ గోడవారన నిలబడ్డాడు. పద్మ ఆయన ముందుకొచ్చింది. "ఇదిగో చెప్తున్నా. ఈవిడ ఈ ఇంట్లో ఉంటే నేనుండను. ఎక్కడ పెడతావో పెట్టుకో. రేపు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతే మనమే పోతాం." ఆయన పొగ వస్తున్న కిటికీ వంకే చూస్తున్నాడు.

చెంబు

పొగ పలచబడ్డాక ఆఫీసరు, నేను లోపలికెళ్ళాం. అలవాటు ప్రకారం ఆయన గుమ్మం పక్కన బోర్డు మీద టార్చి వేశాడు. అక్కడక్కడా కరిగింది. కానీ రెండు ఫ్యాన్ల స్విచ్‌లూ పైకే ఉన్నాయి. అంటే ఆపి ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన టార్చి గది లోపలికి తిప్పాడు. టేబుల్ ఫ్యాన్ గుమ్మం దగ్గర ఒక స్టూలు మీద ఉంది. దాని చుట్టూ పత్తి పైపైన మాడింది. అవతలి మూలన మాత్రం పత్తి నేల దాకా కాలిపోయింది. ఫ్యాన్‌కి దూరంగా ఉన్న మూల ఎందుకంతగా కాలుతుంది?

కొక్కెంతో ఆ మూల కెలికితే అడుగున ఏదో ఖంగుమంది. స్టీలు చెంబు. ఆరబెట్టుకునే పత్తి కింద నీళ్ళ చెంబుకి పనేముంది?

ఆఫీసరు ఆ చెంబు పట్టుకుని బయటికొచ్చాడు. ముందు పద్మతో అన్నాడు. "అమ్మా, రెండు స్విచ్‌లూ ఆపే ఉన్నాయి. ఈవిడ చెప్పింది నిజం. మతిమరుపు గితిమరుపు అని ఇంకెవరూ అనబాకండి." తర్వాత చెంబు పైకెత్తాడు. "ఆ మూల పత్తి మీద నీళ్ళు పోసిందెవరు?"

"నీళ్ళా? పత్తి మీద నీళ్ళెవరు పోస్తారయ్యా?" అంది కోటేశ్వరమ్మ ఆశ్చర్యంగా.

సాంబయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. "నేనేనండి" అన్నాడు.

తెల్లారుతూనే లేచి గదిలోకెళ్తే మాడు వాసన వచ్చిందట. మూలనున్న ఫ్యాన్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమందట. దాని కింద పత్తి అరచేయంత మేర నల్లబడి ఉంది. ఆ నల్లటిది గిల్లి పారేసి, చెంబుడు నీళ్ళు పోసి, పద్మ చూస్తే గోల చేస్తుందని పైన మంచి పత్తి కప్పేశాడు. ఆ కంగారులో చెంబు కూడా అందులోనే ఉండిపోయింది. ఫ్యాన్ తెచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి మళ్ళీ వేశాడు. ఎవరికీ చెప్పకుండా పొలం వెళ్ళిపోయాడు.

"ఆరిందనుకున్నానండి" అన్నాడు.

ఇక్కడ మీరు నేర్చుకోవలసింది ఒకటుంది. నొక్కుకుపోయిన పత్తి మీద నీళ్ళు పోస్తే పైనుంచి జారిపోతాయి, లోపలికి దిగవు. రవ్వ అడుగున బతికే ఉంటుంది. పైనుంచి కప్పిన పత్తి దాన్ని దాచింది, గుమ్మం దగ్గర ఫ్యాన్ దానికి గాలి అందించింది. కోటేశ్వరమ్మ స్విచ్ ఆపడం వల్లే అది కాస్త ఆలస్యంగా రాజుకుని ఉంటుందని నా నమ్మకం. ఆపకపోతే కరెంటు రాగానే ఫ్యాన్ మళ్ళీ తిరిగి, ఆవిడ ఇల్లు దాటకముందే రాజుకునేదేమో. ఇంట్లో అందరికంటే సరైన పని చేసింది ఆవిడ ఒక్కతే.

"మరి ఇందాకట్నించీ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అని ఆఫీసరు కసిరాడు.

కోటేశ్వరమ్మ తమ్ముడి దగ్గరికెళ్ళి నిలబడింది. తిడుతుందనుకున్నాను. మామూలు గొంతుతోనే అంది. "ఒరేయ్ సాంబా, పొద్దున చెప్పలేదు సరే, భయమేసిందనుకుందాం. ఇందాక అందరూ నన్ను అంటా ఉంటే నిలబడి విన్నావు గదరా." ఆయన తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పద్మ ఆవిడ వంక చూడకుండానే కోపం మొగుడి మీదకి తిప్పుకుంది.

అడిగేవాళ్ళకి

అందుకే పెళ్ళిళ్ళలో నన్నడిగే ప్రశ్నకి నాకు జవాబు చెప్పబుద్ధి కాదు. సరే, అడిగారు కాబట్టి చెప్తాను. ఫ్రిజ్ రోజంతా నడవడానికే చేశారు, నడవనివ్వండి, వెనక గోడకి కాస్త గాలాడనిస్తే చాలు. వేడి పుట్టించేదీ, దుమ్మూ నూగూ మధ్య తిరిగేదీ వేసి ఇల్లు వదలకండి. బకెట్లో పెట్టే హీటరు రాడ్డు అయితే పక్కనుంచి కదలకండి. పరుపు మీద సెల్ చార్జింగ్ వద్దు. కరెంటు పోతే లేచి వెళ్ళి స్విచ్ ఆపండి, చెయ్యి అరిగిపోదు.

ఇవి మీకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇంకొకటి. వస్తువు తేడాగా ఉందని, వాసన వచ్చిందని, వేడెక్కిందని మీకు తెలిస్తే, తెలియని మనిషిని దాని పక్కన వదిలి వెళ్ళకండి. సాంబయ్య చేసిన తప్పు ఫ్యాన్ పెట్టడం కాదు, అది ఊరంతా చేసేదే. నీళ్ళు పోయడం కూడా కాదు, పాపం తెలియక పోశాడు. "అక్కా, ఆ మూల ఒక కన్నేసి ఉంచు" అన్న ఒక్క మాట అనలేదు. అనుంటే ఆవిడ ఆ పత్తి బయటికి లాగించేది. గది దక్కేది. ఇల్లు చూసుకోమని ఒకరికి అప్పగిస్తాం, చూసుకోవాల్సింది ఏమిటో మాత్రం చెప్పం. కాలాక ఆ మనిషినే పట్టుకుంటాం. ఎన్ని ఇళ్ళలో చూశానో. అలసిపోయాను.

కుప్ప దగ్గర

పత్తి అంతా కొక్కేలతో బయటికి లాగి వాకిట్లో పరిచాం. తడిపి, తిరగేసి, మళ్ళీ తడిపాం. అయినా నమ్మడానికి లేదు. ఆఫీసరు ఇంటివాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు. "పొద్దుగూకే దాకా ఎవరో ఒకరు దీని దగ్గరే ఉండాలి. ఎక్కడన్నా పొగ కనపడితే కర్రతో విప్పి నీళ్ళు పోయండి." అందరూ అలాగే అలాగే అన్నారు.

మేం గొట్టాలు చుట్టేసరికి వాకిలి ఖాళీ అయింది. పద్మను పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు. సాంబయ్యను మగవాళ్ళు టీ తాగిద్దామని నడిపించుకుపోయారు. కోటేశ్వరమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుంది. ఒక పక్క కర్ర, ఒక పక్క బకెట్, అందులో అడుగున కాసిని నీళ్ళు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని ఆవిడ పెదాలు చూస్తే తెలుస్తోంది.

నాకు మనసొప్పక దగ్గరికెళ్ళాను. "అమ్మా, నిజం అందరికీ తెలిసిపోయింది గదా. మీరెళ్ళి రెండు ముద్దలు తినండి. టీ తాగి మీ తమ్ముడొస్తాడు, ఆయన చూసుకుంటాడు."

ఆవిడ కుప్ప మీద నుంచి చూపు తిప్పలేదు.

"వాడు చూస్తే చూడనీ బాబూ. నేను లేచిపోయాక ఇది మళ్ళీ రాజుకుందనుకో. అప్పుడు నేనేం చెయ్యలేదని చెప్పటానికి మీరుండరు గదా."

బండి హారన్ కొడుతోంది. నేను ఆ బకెట్ తీసుకెళ్ళి, మా బండి ట్యాంకు నీళ్ళతో నిండా నింపి ఆవిడ పక్కన పెట్టి, వెళ్ళి బండెక్కాను.